పనివారిని కుదుర్చుకొనుట

ఇంటికొక పనిమనిషిని కుదుర్చుకొనుట యెంత చిక్కో గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదు. దుకాణము నడుపువారికి ఆ చిక్కు పదింతలు. ఇప్పుడు సోదరీమణులనేకులు కుట్టుపని, పచ్చళ్లు, మగ్గముపని మొదలగు వ్యాపారములను ఇంటనుండియే సాగించుచున్నారు గనుక, పనివారిని కుదిర్చిపెట్టు ఏజెన్సీలను గూర్చి మా యనుభవమును నాలుగు మాటలలో వ్రాయుచున్నాము.

మేము హైదరాబాదు పాతబస్తీవారము. పత్తర్‌గట్టీ ప్రాంతమున మా కుటుంబమునకు పెండ్లివస్త్రముల దుకాణము కలదు. రంజాను మాసమునందును, పెండ్లి ముహూర్తముల దినములందును చార్మినారు చుట్టునున్న వీధులలో కాలుమోపుటకు చోటుండదు. అప్పుడు అమ్మకమునకును, బిల్లులకును ఆరుగురేడుగురైన అధికముగ కావలసివచ్చును. ముహూర్తములు ముగియగనే అంతమందికి పనియుండదు.

మా పెద్దల కాలమున, పనిలోనున్నవారి మేనల్లుడో, పొరుగింటి పిల్లయో, ఎవరైన "మావారే" యని చెప్పినచో పనిలో పెట్టుకొనుచుండిరి. ఆ పద్ధతిలో నమ్మకము కలదు. కాని చెప్పువారున్నవారికే అందు పని దొరకును. చెప్పు దిక్కులేని వితంతువునకు, చదువుకొని ఇంట కూర్చున్న పేదపిల్లకు, పల్లెనుండి వచ్చి శాలిబండలో గది యద్దెకు తీసికొన్న ఇల్లాలికి ఆ తలుపు తెరచుకొనదు.

కొన్నియేండ్లుగ మేము ఏజెన్సీ ద్వారా మనుష్యులను తీసికొనుచున్నాము. మొదట వచ్చినవారిలో యాకుత్‌పురానుండి వచ్చిన యువతి యొకతె యుండెను. తండ్రి లేడు, మా వీధిలో ఆమె నెరిగినవా రొక్కరును లేరు. ఏజెన్సీవారు ఆమెను "ఎవరి పిల్లవు?" అని యడుగలేదు, లెక్కలు వచ్చునా, తెలుగు, ఉర్దూ రెండును మాటలాడగలవా యని యడిగిరి. నెల తిరుగకముందే బిల్లుల పని యంతయు ఆమె చేతికి వచ్చెను. సిఫారసునే నమ్ముకొనియుండినచో ఆమెకు ఆ జీతమును, మాకు అట్టి పనిమంతురాలును దక్కియుండరు.

ఏజెన్సీ బిల్లు చూచి "ఇంతయా!" యని గుండె బాదుకొనువారు కలరు. దానిని విడదీసి చూడవలెను. అందు జీతము కలదు. జీతముపై భవిష్యనిధికి యజమాని భాగము నూటికి 12 వంతులు, ఈ.ఎస్.ఐ.కి మూడుంబావు వంతులు కలవు. ఏజెన్సీ రుసుము కలదు. ఆపై నూటికి 18 వంతుల జి.ఎస్.టి. కలదు. ఈ.ఎస్.ఐ. సాధారణముగ 10 మంది, భవిష్యనిధి 20 మంది పనివారున్న సంస్థలకు వర్తించును. ఆరుగురున్న మా దుకాణములో నేరుగ చేరినచో ఆ యువతికి ఈ రెండును ఉండెడివి కావు. వందమందిని నియమించిన ఏజెన్సీ మూలమున ఆమెకవి లభించెను. ఆమె తల్లికి జబ్బు చేసినప్పుడు సనత్‌నగరు ఈ.ఎస్.ఐ. ఆసుపత్రిలో చికిత్స జరిగెను. మేమధికముగ ఇచ్చిన రూపాయి యెచ్చటికి పోయెనో అప్పుడు మాకు కన్నులార కనబడెను.

అయినను మా పాతబస్తీలో "ఏజెంటు" అన్న మాట వినగనే తల్లులు ఉలికిపడుదురు. గల్ఫు దేశములలో ఉద్యోగమని చెప్పి సొమ్ము గుంజి మోసగించినవారి కథలు ఈ గల్లీలలో తక్కువ కావు. విదేశములకు పనివారిని పంపు ఏజెంట్లు ప్రభుత్వమునొద్ద నమోదు కావలెనని 1983 నాటి వలస చట్టము నిర్బంధించుట అందులకే. ఊరిలోని ఏజెన్సీలన్నియు నిర్దోషములని మేమనము. వేరొక ఏజెన్సీవారు మా దుకాణమునకు పంపిన పిల్లల జీతములలో "చేర్పు రుసుము" అని రెండునెలలు కోత విధించిరి. మేము జీతపు చీటీలు చూపుమని పట్టుబట్టగా సంగతి బయటపడెను. కోసిన సొమ్ము తిరిగి యిప్పించి, వారితో పని చాలించుకొంటిమి. పనికొరకు వచ్చిన వారినుండి ఏజెన్సీలు రుసుము తీసికొనరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే ఒక ఒడంబడికలో చెప్పినది. రుసుము మనుష్యులు కావలసినవారు ఇచ్చుకొనవలెను గాని, పని కావలసినవారు కాదు.

కాంట్రాక్టరు జీతమియ్యనిచో అసలు యజమానియే చెల్లింపవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టము శాసించెను. ఆ చట్టము 20 మందియు అంతకు మించియు ఉన్నచోట వర్తించెడిది. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త స్మృతి ఆ బాధ్యతను నిలిపి, సంఖ్యను మాత్రము 50 చేసెను. మావంటి చిన్న దుకాణములకు చట్టము వర్తింపకున్నను ధర్మము వర్తించును. మన గడపలో దినమంతయు నిలుచుండి పనిచేసిన పిల్లకు జీతము ముట్టెనా యని విచారించుట మన పనియే. ఏజెన్సీ మన శ్రమను తగ్గించును; మన బాధ్యతను తీసివేయదు.

కావున ఏజెన్సీని కుదుర్చుకొను సోదరీమణులు మూడు సంగతులు ముందుగ అడుగుడు: పనివారికి చేతికి ముట్టు జీతమెంత? భవిష్యనిధి, ఈ.ఎస్.ఐ. కట్టిన రసీదులు నెలనెల చూపుదురా? ఒకరు మానివేసినచో ఎన్నిదినములలో వేరొకరిని పంపుదురు? వ్రాతమూలకముగ జవాబిచ్చినవారితోనే ఒప్పందము చేసికొనుడు. ఆ పిమ్మట వచ్చిన పిల్లను ఒకనాడు ప్రక్కన కూర్చుండబెట్టుకొని, జీతమెంత ముట్టినదో ఆమె నోటనే వినుడు.