మట్టి లేని బెండతోట

పిల్లలూ, అట్లాసు తెరిచి కరిబియన్ సముద్రంలో పోర్టోరికోకు ఆగ్నేయంగా వెతకండి. సెంట్ క్రాయ్ అనే చిన్న ద్వీపం కనిపిస్తుంది. 1493లో కొలంబసు ఇక్కడికి వచ్చాడు. 1917లో అమెరికావారు దీన్ని డెన్మార్కు దగ్గర కొనుక్కున్నారు. చుట్టూ సముద్రమే గాని మంచినీటికి కటకట. ఇంటి కప్పు మీద పడ్డ వాననీటిని తొట్లలో దాచుకుంటారు. ఇలాంటిచోట చేపలూ కూరగాయలూ రెండూ కావాలంటే ఒకే నీటిని మళ్ళీమళ్ళీ వాడాలి కదా!

ఆ ఉపాయం కోసమే వర్జిన్ ఐలెండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ 1980 ప్రాంతం నుంచి ఏళ్ళతరబడి పాటుపడ్డారు.

వారు వేసిన తోట ఎలాంటిదో చూడండి. నాలుగు గుండ్రని తొట్లు, ఒక్కొక్కదానిలో 7,800 లీటర్ల నీరు, అందులో తిలాపియా చేపలు. పక్కనే వంద అడుగుల పొడవైన ఆరు నీటి మళ్ళు. నీటిమీద తేలే అట్టల కన్నాల్లో బెండ మొక్కలు, మన తులసికి చుట్టమైన బేజిల్ మొక్కలు. మట్టి లేదు. వేళ్ళు నీటిలోనే వేలాడుతుంటాయి.

మరి మొక్కకు తిండి? చేప మేత తిని, మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతుంది. అది మితిమీరితే చేపకే విషం. నీటిలోని ఒకరకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. మరొకరకం దాన్ని నైట్రేటు చేస్తుంది. ఇది మొక్కకు ఎరువు! మొక్కలు దాన్ని పీల్చుకున్నాక నీరు తిరిగి చేపల దగ్గరకే పోతుంది. ఇనుము, సున్నం, పొటాషు మాత్రం మేతలో చాలవు గనుక విడిగా కలుపుతారు.

ఇక అసలు లెక్క: ఎన్ని చేపలు వేయాలి? తక్కువైతే మొక్కకు ఆకలి, ఆకు పాలిపోతుంది. ఎక్కువైతే మడ్డి పేరుకుంటుంది, ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ రద్దీలో గాలి ఊదే యంత్రం ఆగిందో, కొద్దిసేపట్లోనే చేపలు ఊపిరాడక చస్తాయి. నైలు తిలాపియాను తొట్టికి 600 చొప్పున వేస్తే ఒక్కొక్కటి 800 గ్రాములు దాటింది. ఎర్ర తిలాపియాను 1,200 వేస్తే 500 గ్రాముల దగ్గర ఆగింది. జాతి భేదమూ కొంత ఉన్నదనుకోండి.

అయితే చేపల్ని లెక్కపెడితే చాలదు, మేతను తూచాలి. పిల్లచేప తినేదెంత, పెద్దచేప తినేదెంత! చదరపు మీటరు పైరుకు రోజుకు 60 నుంచి 100 గ్రాముల మేత సరిపోతుందని వారు తేల్చారు. అన్ని తొట్లలోనూ ఒకేసారి పిల్లల్ని వదిలితే మొదట మొక్కలు పస్తుంటాయి, చివర నీరు పాడవుతుంది. అందుకని నాలుగు తొట్లలో నాలుగు వయసుల చేపలు. ప్రతి ఆరు వారాలకూ ఒక తొట్టి ఖాళీ చేసి కొత్త పిల్లల్ని వేస్తారు. బడిలో పైతరగతివాళ్ళు వెళ్ళిపోతే ఒకటో తరగతిలో కొత్తవాళ్ళు చేరినట్టే!

మొక్కలదీ అదే తంతు. బేజిల్ అంతా ఒకేసారి నాటితే, ఏపుగా పెరిగే రోజుల్లో అన్నీ ఒక్కసారే తిండికి ఎగబడి, ఎరువు చాలక ఆకులు వెలిశాయి. విడతలుగా నాటితే ఆ చిక్కు తగ్గింది.

మడ్డి దిగే తొట్టిలో ఇరవై చేపపిల్లలకు వేరే ఉద్యోగం ఉండేది. గోడలకంటిన మడ్డిని గీకి తింటూ, అటూ ఇటూ ఈది, దాన్ని అడుక్కు దించడం. రోజుకు మూడుసార్లు అడుగు గొట్టం తెరిచి ఆ మడ్డిని బయటికి పంపేవారు.