శాన్ మార్కోస్ నుంచి ఫాల్‌ఫ్యూరియస్ దాకా

ఆస్టిన్ నుంచి శాన్ యాంటోనియో పోయే ఐ-35 రోడ్డు మీద 30 మైళ్లు వస్తే శాన్ మార్కోస్. ఊట నీళ్లతో పుట్టి ఊరిగుండా పారే నది, దాని పక్క గుట్టల మీద టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చదివింది ఇక్కడే. మా అన్నయ్య కూతురు జాగ్రఫీ విభాగంలో ఎమ్మెస్ చేస్తోంది. మ్యాపులు గీయడానికి సముద్రాలు దాటాలా అని వదిన ఇప్పటికీ బెంగపడుతుంది. పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన నాకు మాత్రం ఆ చదువేమిటో కళ్లారా చూడాలని ఆశ.

"బాబాయ్, మీ స్టేషన్లో గోడ మీది మ్యాపుకు గుండుసూదులు గుచ్చేవారు కదా, ఇప్పుడు ఆ పని ఎలా చేస్తున్నారో చూద్దురుగాని రండి" అని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

ఆ పనికి లెక్క కట్టినవాడు కిమ్ రోస్మో. కెనడాలో వాంకూవర్ పోలీసు. ఉద్యోగం చేస్తూనే సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ నుంచి 1995లో డాక్టరేట్ తీసుకున్నాడు, తర్వాత ఇక్కడికే ప్రొఫెసర్‌గా వచ్చాడు. వరసగా నేరాలు చేసేవాడు సొంత గడప ముందు చేయడు, గుర్తుపడతారని భయం. అలాగని ముక్కూమొహం తెలియని చోటికీ పోడు, అలవాటైన దారుల్లోనే తిరుగుతాడు. ఈ రెండూ లెక్కలోకి తీసుకుని, నేరం జరిగిన ఒక్కో చోటూ చెబితే, వాడి మకాం ఉండే అవకాశం ఎక్కడెక్కడ ఎంతో కంప్యూటర్ రంగుల్లో పరుస్తుంది. తెర మీద ఎరుపు చిక్కబడిన నాలుగు వీధులు, చుట్టూ పసుపు, ఆవల నీలం. ముద్దాయి ఎవరో అది చెప్పదు. వందలమంది అనుమానితుల్లో ముందు ఎవరి తలుపు తట్టాలో చెబుతుంది. చాలీచాలని సిబ్బందితో కేసులు నడిపినవాడికి ఆ సాయం విలువ తెలుసు.

లూసియానాలోని లాఫయెట్‌లో ఏళ్ల తరబడి తేలని అత్యాచారాల కేసు గురించి అమ్మాయి చెప్పింది. ఒక పోలీసు అధికారి మీద ఆకాశరామన్న కబురొచ్చింది. అతను కాపురముంటున్న ఇల్లు ఆ రంగుల్లో లేదు. పాత చిరునామాలు తిరగేస్తే, నేరాలు జరిగిననాడు ఉన్న ఇల్లు అందులోనే ఉంది. నేరస్తుడు అతనేనని, అతను పారేసిన సిగరెట్ ముక్క మీది డీఎన్‌ఏ రుజువు చేసింది. ఇదంతా చోటు కచ్చితంగా రాసిపెట్టారు కాబట్టి. "ఊరి బయట పొలాల దగ్గర" అని పంచనామాలో రాసి ఊరుకుంటే ఏ యంత్రమూ ఏమీ చేయలేదు.

ఊరి బయట యూనివర్సిటీవాళ్ల ఫ్రీమన్ రాంచ్ ఉంది. అందులో 26 ఎకరాల్లో, చదువు కోసం రాసిచ్చిన దేహాలను ఆరుబయట ఉంచి, ఎండకూ వానకూ రాబందులకూ అవి ఎలా మారేదీ నమోదు చేస్తారు. మాలాంటివాళ్లను లోపలికి పంపరు. అదే సబబు, అక్కడున్నది ఇష్టపడి దేహమిచ్చిన మనుషులు. ఆ పరిశోధన నడిపే కేంద్రంలోనే ప్రొఫెసర్ కేట్ స్ప్రాడ్లీ 2013లో ఆపరేషన్ ఐడెంటిఫికేషన్ మొదలుపెట్టారు. మెక్సికో సరిహద్దు దాటివచ్చి దక్షిణ టెక్సస్‌లో చనిపోయి, ఊరూపేరూ లేకుండా మట్టిలో కలిసినవాళ్లను గుర్తించే పని. ఎముకల్ని శుభ్రం చేస్తారు, ఒంటి మీది బట్టలు ఉతికి ఫొటోలు తీస్తారు.

ఆ మనుషులు పోయిన నేల చూడాలన్నాను. మర్నాడు చీకటితోనే బయల్దేరాం. శాన్ యాంటోనియో దాటి 281 రోడ్డు పట్టుకుని, ఆలిస్ మీదుగా ఫాల్‌ఫ్యూరియస్. బ్రూక్స్ కౌంటీకి అదే ముఖ్యపట్టణం. సరిహద్దుకు సుమారు 70 మైళ్ల ఇవతల, ఊరికి దక్షిణాన, సరిహద్దు గస్తీవాళ్ల చెక్‌పోస్టు. డబ్బు తీసుకుని మనుషుల్ని తెచ్చేవాళ్లు ఆ చెక్‌పోస్టుకు ముందే దింపేస్తారు. అక్కణ్ణుంచి రాంచులకడ్డంపడి నడవాలి. కాళ్లు కూరుకుపోయే ఇసుక, మన సర్కారు తుమ్మకు దాయాది అయిన మెస్కీట్, అక్కడక్కడ ఓక్ చెట్ల గుంపులు. ఎటు చూసినా ఒకే నేల, కొండగుర్తు లేదు. నడవలేనివాణ్ణి వదిలేసి ముందుకు పోతారు.

ఊళ్లోని సేక్రెడ్ హార్ట్ శ్మశానంలో 2013 నుంచి బేలర్, ఇండియానాపొలిస్ యూనివర్సిటీలవాళ్లు, అలా పేరు తెలియకుండా పాతిపెట్టినవాళ్ల కోసం తవ్వకాలు జరిపారు. గుర్తు తెలియని దేహం నుంచి డీఎన్‌ఏ నమూనా పంపాలని టెక్సస్ చట్టం. చాలామంది విషయంలో అది జరగలేదు. చిన్న కౌంటీలకు మెడికల్ ఎగ్జామినర్ ఉండడు, శవవిచారణ జస్టిస్ ఆఫ్ ది పీస్ చేస్తాడు, ఆయన డాక్టరై ఉండనక్కర్లేదు. తవ్వినప్పుడు కొన్ని గోతుల్లో ఒకరికి మించి బయటపడ్డారు. మన దేశంలో నేర విచారణ స్మృతి 174వ సెక్షన్ కింద, ఇప్పటి లెక్కలో నాగరిక్ సురక్షా సంహిత 194 కింద, శవ పంచనామాలు రాసిన చేతులు నావి. ఫొటో, వేలిముద్రలు, పుట్టుమచ్చలు, పడి ఉన్న చోటు రాయకుండా ఒక మనిషిని మట్టి చేయడం నా దృష్టిలో ఆ మనిషికి, ఆ ఇంటికి చేసే అన్యాయం.

రోడ్డు పక్కన కంచెవారగా ఒక నీలం ప్లాస్టిక్ పీపా, దానిపైన ఎత్తుగా జెండా. ఆగువా అని పెద్ద అక్షరాలు, అంటే నీళ్లు. సౌత్ టెక్సస్ హ్యూమన్ రైట్స్ సెంటర్‌వాళ్లు పెట్టింది. సాయానికి ఫోన్ నంబరు, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు దానిమీదే ఉన్నాయి. గస్తీవాళ్లు కూడా రాంచుల్లో నంబర్లు వేసిన బోర్డులు పాతారు. దారి తప్పినవాడు 911కు ఫోన్ చేసి ఆ నంబరు చెబితే ఎక్కడున్నదీ తెలిసిపోతుంది.

అమ్మాయి పీపా మీది అంకెల్ని తన ఫోన్‌లోవాటితో సరిచూసుకుంది. ఏ పీపాకూ ఏ బోర్డుకూ అందనంత దూరాన ఉన్న జాగాలు ఏవో తేల్చడమే ఆమె థీసిస్.

"తేలిస్తే సరిపోదు బాబాయ్. ఇక్కడ భూమంతా ప్రైవేటుది. రాంచు యజమాని ఒప్పుకుని గేటు తీస్తేనే ఏదైనా పెట్టగలిగేది."

తిరుగుదారిలో ఆలిస్‌లో భోజనానికి ఆగినప్పుడు ఆమె యజమానుల జాబితా తీసింది. ఎవరికి ముందు ఉత్తరం రాయాలో, ఏమని రాయాలో ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం.