వాడలో ధర్మశాస్త్రం (4వ భాగం)

పోయిన నెల మొదటి ఆదివారం బల్లారాధనకు ఊరికి పోయిన. రొట్టె పంచుతుంటే మా అక్క ముందుకు రాలేదు. చివరి వరుసల గోడకు ఆనుకొని కూసున్నది. ఏమైందని సైగ చేస్తే తల అడ్డంగ ఊపింది. బయటికొచ్చినంక చెప్పింది: "నేను బయటున్న తమ్మీ. గీ టైంల బల్ల ముట్టొద్దన్నడు అయిగారు."

కొత్తగ వచ్చిన అయిగారు లేవీయకాండం 15వ అధ్యాయం చదివి ఏడు దినాల మైల లెక్క చెప్పిండట. ఆయన పేరు రాయను, ఊరి పేరు కూడ రాయను. మాదిగ బిడ్డే. మంచి మనిషే. అర్ధరాత్రి పిలిచినా బండి తీసి దవాఖానకు తోలుకపోతడు. అందుకే కోపం కంటె బాధ ఎక్కువైంది. మమ్మల్ని ఊరి బాయి కాడికి రానియ్యంది ఇదే మాటతోని గద. అంటు, మైల, ముట్టొద్దు. ఆ మాట నుంచి తప్పించుకోనికే మా తాతలు ఏసయ్య కాడికి వచ్చిన్రు. ఇన్నేండ్లకు అదే మాట బైబిల్ సంచిల పడి మా చర్చిలకే వచ్చింది.

మోషే ధర్మశాస్త్రంతోని వాడకు ఉన్న లెక్క పాతది. మన దిక్కు క్రైస్తవం చానవరకు ఒంగోలు నుంచి పారిన నీళ్లే. 1866ల ఒంగోలుకు వచ్చిన జాన్ క్లౌ దొర మాదిగలకు పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నరు. 1890ల నల్లగొండకు రష్యా నుంచి ఫ్రీసెన్ దొర వచ్చింది కూడ ఆ అమెరికన్ బాప్టిస్టు మిషన్ కిందనే. పాలమూరు స్టేషన్ తర్వాత మెన్నోనైట్ బ్రదరెన్ చేతికి పోయింది.

ఆ మూడు షరతులూ పాత నిబంధనలయే. కాని వాడల అవి వేరే పని చేసినయి. ఆదివారం పని చెయ్యనంటే కరణం పిలిచినా వెట్టికి రానన్నట్టే. అట్లన్నందుకు దెబ్బలు తిన్నరు. ద్వితీయోపదేశకాండం 5ల విశ్రాంతి దినం ఆజ్ఞ చదువుండ్రి. నీ దాసుడు, నీ దాసి కూడ నీ లెక్కనే విశ్రాంతి తీసుకోవాలె, ఐగుప్తుల నువ్వూ దాసునివే అని యాది చేస్తది. వెట్టోనికి వారంల ఒక దినం సొంతమైతే ఎట్లుంటదో ఆ వచనం రాసినోనికి తెలుసు.

చచ్చిన గొడ్డు సంగతి అంత సులువుగ తెగదు. ద్వితీయోపదేశకాండం 14:21 కాడ నేను ప్రతిసారి ఆగిపోత. దానంతటది చచ్చినదాన్ని మీరు తినొద్దు, మీ ఊర్ల ఉన్న పరదేశికి ఇయ్యుండ్రి, లేకుంటె అన్యునికి అమ్ముండ్రి అంటది. ఈ వచనంల మేమెవరం? అయిగారు మమ్మల్ని ఇశ్రాయేలు అంటడు. నాకైతె ఆ పరదేశిల మా తాత కనిపిస్తడు. దొర గొడ్డు చస్తె ఈడ్చుకపోయెటోడు, కరువుల ఆ కూరతోనే పిల్లల పాణం నిలబెట్టినోడు. మానుమని మిషన్ దొరలే కాదు, 1927ల మహద్‌ల అంబేద్కర్ కూడ చెప్పిండు. కాబట్టి మానుడు తప్పనను. కాని ఆ షరతుతోని ఆత్మగౌరవంతో పాటు సిగ్గు కూడ ఇంట్లకు వచ్చింది. ఇయ్యాల ఆ సిగ్గును పెద్దకూరకు అంటిస్తున్నరు. లేవీయకాండం 11 ప్రకారం నెమరేసి డెక్క చీలిన ఎద్దు పవిత్రమే! తినొద్దన్నది రక్తం. అపొస్తలుల కార్యములు 15ల యెరూషలేము పెద్దలు కూడ రక్తం మానుమన్నరు. మా అయిగారు దావత్‌ల నల్ల రెండుసార్లు అడిగి ఏసుకుంటడు. ఏసుకోనీ, నాకేం బాధ లేదు. కాని ఆయన పళ్లెం కాడ సడలిన ధర్మశాస్త్రం మా అక్క కాడ ఎందుకు బిగుసుకుంటది?

పేతురు యొప్పేల ఎవలింట్ల దిగిండో తెలుసు గద. చర్మకారుడైన సీమోను ఇంట్ల. యూదులల్ల కూడ తోళ్ల పనోడంటె చిన్నచూపే. దేవుడు పవిత్రం చేసినదాన్ని నువ్వు మైల అనొద్దన్న దర్శనం ఆ మిద్దె మీదనే వచ్చింది, లంద వాసన తగిలే కాడ. మనోళ్ల ప్రసంగాలల్ల దుప్పటి దిగుతది, దాంట్ల జంతువులు దిగుతయి, ఆ ఇల్లు మాత్రం ఎవ్వలికి కనిపియ్యది.

అట్లని పాత నిబంధనను పక్కకు పెట్టుమని నేననను. ఏసయ్య ఎత్తి చూపిన "నీ పొరుగువాని ప్రేమించు" అన్న మాట లేవీయకాండం 19లదే. అదే అధ్యాయంల పొలం అంచు దాక కొయ్యొద్దు, పరిగె బీదోళ్లకు ఇడిసిపెట్టు, కూలి తెల్లారేదాక ఆపొద్దు అని ఉన్నది. మా అవ్వ వరిచేన్ల పరిగె ఏరి మమ్మల్ని సాదింది. పాలమూరు లేబర్‌ను దూరదేశం తోలుకపోయిన మేస్త్రీలు కూలి ఎన్ని నెలలు ఆపేదో ముసలోళ్లను అడుగుండ్రి. ద్వితీయోపదేశకాండం 15 ఏడేండ్లకు అప్పు మాఫీ అంటది, 23వ అధ్యాయం పారిపోయి వచ్చిన దాసుని మల్ల యజమానికి అప్పజెప్పొద్దంటది. జీతగాళ్ల జిల్లాలల్ల ఈ వచనాల మీద ఒక్క ప్రసంగం నేను వినలేదు. దశమభాగం మాత్రం ప్రతి ఆదివారం వింట. మూడేండ్లకొకసారి ఆ భాగం పరదేశి, తండ్రి లేనోళ్లు, విధవరాండ్రు తిని తృప్తి పడాలని 14వ అధ్యాయం చివర్ల ఉన్నది, ఆ పేజీ తిప్పరు.

సాయంత్రం అయిగారింటికి పోయిన. 15 చదివినోళ్లు 19 కూడ చదవాలె గద అయిగారూ అన్న. రెండు రకాల నూలు కలిపిన బట్ట తొడగొద్దని కూడ దాంట్లనే ఉన్నదని ఆయన టెరికాట్ ప్యాంటు చూపిచ్చిన. నవ్విండు. "నాకు ట్రైనింగుల చెప్పింది నేను చెప్పిన తమ్ముడూ. ఆడోళ్లు కూడ ఎదురు చెప్పలే" అన్నడు. ఎదురు చెప్పకపోవుడు ఒప్పుకున్నట్టేనా అంటె సప్పుడు చెయ్యలేదు. చాయ్ పోసిన్రు, తాగిన.

ఇంటికొచ్చి అక్కకు చెప్తె అన్నం పెడుతనే అన్నది: "గా పన్నెండేండ్లు రక్తం పోయినామె ఏసయ్యను అడిగి ముట్టిందా తమ్మీ?"

ఈ ఆదివారం మల్ల బల్లారాధన. అక్క లెక్క ప్రకారం ఆ దినం కూడ బయటనే ఉంటదట. శనివారం బస్సుకు ఊరికి పోతున్న.

(ఇంకా ఉంది)