పగ్గాలు పట్టే ముందు

నొప్పులు పడుతున్న ఆడబిడ్డను ఆ రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కిరాయి కారు మాట్లాడితే, డ్రైవరు పేట మొదట్లోనే ఆపేసి, ‘లోపలికి రాను, రోడ్డు మీదకు తీసుకురండి’ అన్నాడు. మంచం మీద మోసుకెళ్ళాం. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొచ్చారు. మాకు మాత్రం నిద్ర పట్టలేదు. విహారంలో కూర్చుని, పేటకు సొంత బండి ఉండాల్సిందేనని తీర్మానించుకున్నాం. చందాలు పోగేసి పాత ఓమ్ని వ్యాను కొన్నాం. నడపడం నేర్చుకోవడానికి ముగ్గురం ముందుకొచ్చాం. ముగ్గురికీ యాభై దాటాయి.

పేటలోనే ఉండే రిటైరైన బస్సు డ్రైవరు బాబాయి మాకు గురువు. తొలి వారం రోడ్డెక్కనివ్వలేదు. స్కూలు గ్రౌండులో ఒక్కటే పాఠం: ఎక్సిలేటరు ముట్టుకోకుండా, క్లచ్‌తోనే వ్యానును కదిలించడం. ‘తొక్కడం ఎవరికైనా వస్తుంది, వదలడం నేర్చుకోండి’ అనేవాడు. క్లచ్ పూర్తిగా తొక్కితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. ఒక్కసారిగా వదిలితే బండి ఎగిరిపడి ఆగిపోతుంది. మధ్యలో ఒకచోట ఇంజను గొంతు మారుతుంది, సీటు సన్నగా వణుకుతుంది. పాదం అక్కడ నిలవాలి. ధ్యానంలో శ్వాసను గమనించినట్టు పాదాన్ని గమనించడం అలవాటు చేసుకున్నాం.

పదిహేనో రోజుకే మాకు వచ్చేసిందనిపించింది. బాబాయి పెళ్ళికి ఊరెళితే, ఆయన లేకుండానే వ్యాను తీశాం. ఎల్ బోర్డు ఉంది, ఎల్ఎల్ఆర్ ఉంది. కానీ లైసెన్సున్న శిక్షకుడు బండిని ఆపగలిగేలా పక్కన కూర్చోవాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. అది తెలియక కాదు, ఆ రోజు స్టీరింగు దగ్గర కూర్చున్నది లా పట్టా ఉన్న మనిషే.

కాలువ వంతెన ఎక్కేచోట ముందు బస్సు ఆగింది, మేమూ ఆగాం. మళ్ళీ కదలబోతే ఇంజను ఆగిపోయింది. కంగారులో హ్యాండ్‌బ్రేకు గుర్తురాలేదు. వ్యాను వెనక్కి జారి, వంతెన మొదట్లో ఉన్న ఇడ్లీ బండిని గుద్దింది. ఆవిడ అప్పుడే నీళ్ళకు పక్కకెళ్ళింది కాబట్టి ప్రాణం దక్కింది. బండి బాగుచేయించి, వారం రోజుల బేరం డబ్బులిచ్చాం. తీసుకుంటూ, ‘మీ నేర్చుకోవడం పేదోళ్ళ మీదేనా?’ అంది. మా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి చాళీస్‌గావ్ గుర్తొచ్చింది. 1929లో బాబాసాహెబ్ అక్కడ రైలు దిగితే, అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలడానికి టాంగావాలాలు ఒప్పుకోలేదు. టాంగా అద్దెకిస్తాం, తోలం అన్నారు. ఆయన్ని నడిపించడం అవమానమనుకుని, మహర్‌వాడ వాళ్ళు తమలో ఒకరిని తోలమన్నారు. అతనికి తోలడం రాదు. నది మీది కల్వర్టు దగ్గర చక్రం రాయికి తగిలింది. బాబాసాహెబ్ రాళ్ళమీద పడ్డారు, కాలు విరిగింది. గుర్రం, టాంగా నదిలో పడ్డాయి.

ఈ కథను సభల్లో ఎన్నోసార్లు చెప్పాం. చెప్పినప్పుడల్లా టాంగావాలా కులగర్వం గురించే మాట్లాడాం. మూలం అదే, సందేహం లేదు. కానీ ఇడ్లీ బండి తర్వాతగానీ, పగ్గాలు పట్టిన ఆ మనిషి మాకు కనపడలేదు. అతని ప్రేమలో లోపం లేదు, ఆత్మగౌరవంలోనూ లేదు. అతనికి నేర్చుకునే వ్యవధి దొరకలేదు. మాకు గురువున్నాడు, బండి ఉంది, వ్యవధి ఉంది. అయినా తొందరపడ్డాం.

బాబాయి వచ్చాక తిట్టలేదు. అదే వంతెన ఎత్తులో ఇరవైసార్లు ఆపించి, ఇరవైసార్లు ఎక్కించాడు. హ్యాండ్‌బ్రేకు లాగాలి, హాఫ్ క్లచ్‌కు రావాలి, ఇంజను గొంతు వినాలి, అప్పుడే బ్రేకు వదలాలి. పరీక్షలో ఇద్దరు మొదటిసారే పాసయ్యారు. లా పట్టా రెండోసారికి పాసయింది.

ఇప్పుడు రాత్రి ఫోనొస్తే వ్యాను గుమ్మం ముందుకే వెళుతుంది. పేటలో పద్దెనిమిది నిండిన ఇద్దరమ్మాయిలు ఎల్ఎల్ఆర్ తీశారు. తొలి వారం వాళ్ళనూ రోడ్డెక్కనివ్వం. మీ విహారం బండి కొనాలనుకుంటే, చందా లెక్కలో నేర్చుకునే ఖర్చు కూడా రాసుకోండి.

జై భీమ్. నమో బుద్ధాయ.