డెబ్భై ఏడు రోజుల సమ్మె, మా నాయన లెక్క

మా నాయన బెంగళూరులో ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైనాడు. ఊరు ముళబాగిలు పక్కన. ఇంట్లో తెలుగు, ఫ్యాక్టరీలో కన్నడ, తమిళం. నేను కన్నడ మీడియంలో చదివినదాన్ని. కన్నడలో సమ్మెని ముష్కర అంటారు. తెలుగు పేపర్లో ముష్కరులు అంటే దుర్మార్గులు. "మేనేజిమెంటు కళ్ళకి మేము రెండు భాషల్లోనూ ముష్కరులమే" అని నాయన నవ్వుతాడు.

ఆయన చెప్పేది 1980 డిసెంబరు చివర మొదలైన సమ్మె గురించి. హెచ్.ఎ.ఎల్., బి.ఇ.ఎల్., ఐ.టి.ఐ., హెచ్.ఎం.టి., బి.ఇ.ఎం.ఎల్.లలో లక్షకు పైగా కార్మికులు పని ఆపేసినారు. బి.హెచ్.ఇ.ఎల్. వాళ్ళకు ఇచ్చినట్టే మాకూ జీతాలు ఇవ్వండి అనేది పెద్ద కోరిక. 77 రోజులు నడిచింది. 1981 మార్చిలో, అడిగింది రాకుండానే, లోపలికి పోయినారు.

నాయనకి అప్పటికి పెళ్ళి కాలేదు. జేజి కమ్మలు కుదువ పెట్టింది. ఊర్నుంచి రాగుల మూటలు బస్సు మీద వచ్చినాయి. అంగడి శెట్టి జనవరి అంతా అప్పు ఇచ్చినాడు, ఫిబ్రవరిలో మొహం తిప్పుకున్నాడు. మూడు పూటలా సంగటి తిన్నామని జేజి చెప్పేది, గొప్పగానే చెప్పేది.

ఇంత పడినా నాయన తన పైవాళ్ళను తిట్టడు. "మా జి.ఎం. మంచోడేమ్మా. మిషన్ దగ్గరికొచ్చి పేరు పెట్టి పిలిచేవాడు. ఆయన చేతిలో ఏముంది? మా జీతం సంగతి ఢిల్లీలో." రోజూ కనబడే మనిషికి అధికారం లేదు, అధికారం ఉన్న మనిషి కనబడడు. ఆయన కోపం అక్కడ. యూనియన్ లీడర్ల మీద కూడా ఆయనకి కొంచెం ఉంది. ఎప్పుడు మొదలుపెట్టాలో గేటు ముందర మైకులో అడిగినారు, ఎప్పుడు ఆపాలో అడగలేదు అంటాడు. అయినా చందా ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు. యూనియన్ ఏమిచ్చింది నాయనా అంటే జీతం గురించి చెప్పడు. "ఫోర్‌మన్ ఒరేయ్ అనడం మానుకున్నాడు" అంటాడు.

మా ఆఫీసులో ఎవరూ ఒరేయ్ అనరు. సి.ఇ.ఒ.ని కూడా పేరుతోనే పిలుస్తాం. మూడు నెలలకొకసారి టౌన్‌హాల్, ఆయన స్క్రీన్ మీద వస్తాడు, ప్రశ్నలు ముందే రాసి పంపాలి. పోయిన ఏడాది మా టీములో ఒక టెస్టరుని రూములోకి పిలిచి, సాయంత్రంలోగా నువ్వే రాజీనామా రాసెయ్ అన్నారు. ఆ తర్వాతి టౌన్‌హాల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. నాయన జీవితమంతా సార్ అన్నాడు, అడగాల్సింది గేటు దగ్గర నిలబడి అడిగినాడు.

చట్టం సంగతి కూడా చెప్పాల. పని షరతులు, సెలవులు, తీసెయ్యడం ఎట్లా అనేవి కంపెనీ రాతపూర్వకంగా పెట్టాలని 2025 దాకా అమలులో ఉన్న 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం చెప్పేది. ఐ.టి. కంపెనీలకు కర్ణాటక ప్రభుత్వం దాని నుంచి మినహాయింపు ఇచ్చింది, 2024 మార్చిలో ఇంకో ఐదేళ్ళు పొడిగించింది. అదే ఏడాది జులైలో రోజుకు 14 గంటల పని ప్రతిపాదన వచ్చింది. 2017లో పుట్టిన ఐ.టి. ఉద్యోగుల యూనియన్, కె.ఐ.టి.యు., గట్టిగా ఎదిరించింది. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మా టీ బ్రేకులో మాత్రం మాట ఒకటే: యూనియన్ వస్తే కంపెనీలు హైదరాబాదుకి పోతాయి. మరి అక్కడివాళ్ళకు ఏమి చెప్పి భయపెడతారో!

మెంబర్‌షిప్ ఫారం తెచ్చి ఇంట్లో పెట్టినాను. ఇంకా నింపలేదు, ఇంటి లోను ఉంది. నాయన అద్దాలు పెట్టుకొని చదివినాడు.

"చందా ఎంత?"

చెప్పినాను.

"గేట్ మీటింగ్ ఎక్కడ పెడతారు?"

మాది టెక్ పార్కు, గేటు పార్కువాళ్ళది, సెక్యూరిటీ ఇంకో కంట్రాక్టరు మనుషులు, మా సి.ఇ.ఒ. వేరే దేశంలో ఉంటాడు అని చెప్పినాను. ఆయన ఫారం మడిచి నా చేతికిచ్చినాడు.

"అయితే ఎవరి ముందర నిలబడతారమ్మా?"