మా ఇంట్లో కవచం తయారైంది

జాకెట్టు కత్తిరించడం వచ్చిన ఏ ఇల్లాలైనా సినిమా సైనికుడి కవచం తయారు చెయ్యగలదంటే మీరు నమ్ముతారా? నవ్వకండి. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. పెళ్ళికి ముందు తెనాలిలో రెండేళ్ళపాటు మా వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టాను. ఆ చేతిపనే ఇన్నేళ్ళ తర్వాత ఇక్కడ, అమెరికాలో, డాలస్ దగ్గర మా ఇంటి గరాజ్‌లో అక్కరకొచ్చింది.

సంగతేమిటంటే, మా పెద్దమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. కాలేజీలో చదువుతోంది. పోయిన ఏడాది సంక్రాంతి సెలవుల్లాంటి ఖాళీ రోజుల్లో ఒకసారి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నేను స్టార్మ్ ట్రూపర్ కవచం చేసుకుంటాను" అంది. అదేమిటో మీలో కొందరికి తెలియకపోవచ్చు. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' సినిమాలో దుష్ట సామ్రాజ్యం తరఫున పోరాడే తెల్లకవచాల సైనికులున్నారే, వాళ్ళన్నమాట. తల నుంచి పాదం దాకా తెల్లటి ప్లాస్టిక్ తొడుగు, లోపల నల్ల బట్టలు, మొహం కనబడకుండా పుర్రెలాంటి శిరస్త్రాణం. ఆ సినిమా దుస్తులకి జాన్ మొల్లో అనే ఆయనకి ఆస్కార్ కూడా వచ్చింది. మట్టితో ఆ కవచాన్ని మలిచిన శిల్పి పేరు బ్రయన్ మ్యూర్. ఇవన్నీ నాకు మా అమ్మాయి నూరిపోసిన పాఠాలేలెండి.

మావారు "ఎంతవుతుందే?" అనడిగారు. అన్నీ కలిపి వెయ్యి డాలర్లు దాటుతుందంది. ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టేశారు. అది లైబ్రరీలో పనిచేసి కూడబెట్టుకున్న డబ్బు, మనం అడ్డుపడటానికి లేదు. నా గుండెలో రాయి పడింది మాత్రం డబ్బు గురించి కాదు.

మా అమ్మాయికి పన్నెండో ఏట వెన్నెముక వంకర ఉందని తేలింది. ముందుకి వంగమంటే ఒక పక్క వీపు ఎత్తుగా లేచింది. ఎక్స్‌రే తీస్తే ఇరవై ఎనిమిది డిగ్రీలు. ఎదిగే వయసు కాబట్టి వంకర పెరగకుండా ప్లాస్టిక్ బ్రేస్ వెయ్యాలన్నారు. చంకల కింద నుంచి నడుము దాకా గట్టి డొల్ల. రోజుకి పద్ధెనిమిది గంటలు. స్నానానికీ ఆటలకీ తప్ప తియ్యకూడదు. రెండున్నరేళ్ళు వేసుకుంది తల్లీ! బ్రేస్ వంకరని సరిచెయ్యదు, ముదరకుండా ఆపుతుందంతే. మా అమ్మాయికి ఆగింది, ఆపరేషన్ తప్పింది. కానీ ఆ రెండున్నరేళ్ళలో అది వదులు చొక్కాలు తప్ప వేసుకోలేదు, ఎవరింటికీ పేరంటానికి రాలేదు, ఎవరైనా ప్రేమగా వీపు మీద చెయ్యి వేస్తే ఠక్కుమని చప్పుడవుతుందని పక్కకి తప్పుకునేది. అటువంటి పిల్ల మళ్ళీ ప్లాస్టిక్ డొల్లలో దూరతానంటే ఏ తల్లికి మనసొప్పుతుంది చెప్పండి.

అదే అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అది నన్ను కొలిచి నాకు తొడిగారమ్మా. ఇది నేను కొలుచుకుని నేను చేసుకుంటాను" అంది. ఆ మాటకి నేనేం జవాబు చెప్పగలను? టేపు తీసుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఇంక పనిలోకి వద్దాం. మీ పిల్లలకీ ఇలాంటి సరదా ఉంటే ముందుగా తేల్చుకోవలసింది ఏ సినిమా నాటి కవచం అన్నది. 1977 సినిమాలోదీ, 1980లో వచ్చినదీ, 1983లో వచ్చినదీ చూడటానికి ఒకేలా ఉన్నా ఒకటి కావు. మన కంటికి తెల్లగానే కనబడతాయి గానీ తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. కంచిపట్టుకీ ధర్మవరానికీ తేడా మనం చెప్పమూ, అలాగే. తెరమీద ఉన్నది ఉన్నట్టు రావాలంటే ఒకదాన్నే పట్టుకుని దాని ఫోటోలే ఎదురుగా పెట్టుకోవాలి. మా అమ్మాయి 1977దే ఎంచుకుంది.

కవచం విడిభాగాలుగా ఒక పెద్ద అట్టపెట్టెలో వస్తుంది. ఏబీఎస్ అనే తెల్ల ప్లాస్టిక్ రేకుని వేడిచేసి, మెత్తబడగానే అచ్చు మీద పరిచి, కిందనుంచి గాలి పీల్చేస్తే రేకు అచ్చుకి అతుక్కుపోతుందిట. ఆ అతుక్కున్న ముక్కలే మనకి పంపుతారు, చుట్టూ అనవసరపు అంచులతో సహా. చేతులకీ కాళ్ళకీ ముందు సగం, వెనక సగం వేరువేరుగా ఉంటాయి. పెట్టె విప్పి హాల్లో పరిస్తే మా చిన్నవాడు "ఇది మనిషా, గిన్నెల సామానా?" అన్నాడు.

కత్తిరించడం దగ్గర తొందరపడకూడదు. మనం జాకెట్టు గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టుకి వదిలినట్టే ఇక్కడా ముందు ఎక్కువ వదిలి కొయ్యాలి. ఎక్కువైతే మళ్ళీ కొయ్యొచ్చు, తక్కువైతే అతుకే గతి. వంకర అంచులకి ప్లాస్టిక్ కత్తిరించే చిన్న కత్తెర. తిన్నని గీతలకి కత్తెరతో పనిలేదు. స్కేలు పెట్టి పదునైన చాకుతో రెండు మూడుసార్లు గీత పెట్టి వెనక్కి వంచితే పల్లీ చెక్కీ విరిగినట్టు టప్పున విరుగుతుంది. అంచులు గరుకు కాగితంతో రుద్దాలి. లేకపోతే చర్మం గీసుకుపోతుంది.

మొదట ముంజేతుల ముక్కలతో మొదలుపెట్టడం మంచిది. చిన్నవి, చెయ్యి తిరుగుతుంది. కొలత తీసేటప్పుడు ముంజేయి లావు ఒక్కటే చూస్తే చాలదు, గుప్పిట కూడా అందులోంచి దూరాలి. గాజులు కొనేటప్పుడు మనం చూసేది అదేగా! రెండు సగాలూ ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా అంచుకి అంచు ఆనాలి. ఆ అతుకు పైన సన్నటి ప్లాస్టిక్ పట్టీ అంటిస్తారు. చేతులకి పదిహేను మిల్లీమీటర్ల వెడల్పు, కాళ్ళకి ముందువైపు ఇరవై, వెనకవైపు ఇరవై అయిదు. లోపల ఇంకో పట్టీ వేస్తే గట్టిగా ఉంటుంది.

జిగురు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చిటికెలో అంటుకునే జిగుర్లు ఇక్కడ పనికిరావు, ఎండిపోయి పెళుసెక్కి నడిచేటప్పుడు పెట్లిపోతాయి. మేము వాడింది ఈ-6000 అనే జిగురు. ఆరినా రబ్బరులా కాస్త సాగుతుంది. కొలత తేడా వస్తే నెమ్మదిగా ఊడదీసి మళ్ళీ అంటించుకోవచ్చు. అయితే పూర్తిగా గట్టిపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అంతవరకూ క్లాంపులో, గట్టి అయస్కాంతాలో పెట్టి బిగించి ఉంచాలి. అందుకే ఈ పని నెలల తరబడి సాగుతుంది. ఆవకాయ ఊరినట్టు ఓపిక పట్టడమే. జిగురు వాసన ఘాటైనది, ఒంటికి మంచిది కాదు. కిటికీలు తీసిపెట్టి, చేతులకి తొడుగులు వేసుకుని చెయ్యాలి. వంటింట్లో మాత్రం వద్దు. పసిపిల్లలున్న ఇంట్లో ఆ చిన్న అయస్కాంతాలు లెక్కపెట్టి డబ్బాలో దాచండి. రెండు మింగితే పేగుల్లో ఒకదానికొకటి అతుక్కుని ప్రాణం మీదికి వస్తుంది.

మా అమ్మాయి ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. కవచమేమో పొడుగు మగవాళ్ళకి చేసిన అచ్చు. సినిమాలో కూడా ఆ కవచం వేసుకొచ్చిన హీరోని చూసి రాకుమారి పొట్టివాడివేమిటని ఎత్తిపొడుస్తుంది. తొడల ముక్కలు, పిక్కల ముక్కలు పొట్టి చేశాం. పొట్ట ముక్కనీ వీపు ముక్కనీ కురచ చేశాం. అక్కడే అసలు కష్టం వచ్చింది. దాని ఎడమ భుజం కుడి భుజం కన్నా కాస్త కిందకుంటుంది, కుడి తుంటి కొంచెం బయటికి. రెండు పక్కలా ఒకే కొలత పెడితే కుడి తుంటి దగ్గర ఒరుసుకుంటోంది. అప్పుడు నాకు బ్రేస్ చేసినాయన గుర్తొచ్చాడు. తుంటి దగ్గర ఎర్రగా కందితే ఆయన అంచుని వేడిచేసి కొద్దిగా బయటికి వంచేవాడు. "అలాగే చెయ్యవే" అన్నాను. ఒక పాత గిన్నెలో నీళ్ళు మరగబెట్టి (ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడలేదు లెండి) అంచు ముంచి, చేతికి మందపాటి తొడుగుతో వంచి, చన్నీళ్ళలో పెట్టింది. నిలిచింది! బ్రేస్ రోజుల తర్వాత దాని గురించి మేమిద్దరం నోరు విప్పి మాట్లాడుకున్నది ఆ రోజే. ఏ పిల్ల ఏమంది, ఏ టీచర్ ఎలా చూసింది, అన్నీ చెప్పింది. నేను అంచులు రుద్దుతూ విన్నాను.

మీకొక చిత్రం చెప్పనా? అసలు సినిమాలో ఆ శిరస్త్రాణమే సమంగా ఉండదు. కుడి ఎడమలు ఒకేలా ఉండవు. దాని మీద నీలం గీతలు, బూడిదరంగు మచ్చలు కుంచెతో చేత్తో వేసినవే. అచ్చు గుద్దినట్టు తిన్నగా వేస్తే అది సినిమాలోది కాదని తెలిసిపోతుంది! కవచం కూడా అంతే. ఎడమ మోకాలికి మాత్రమే పలక, కుడి తొడకి మాత్రమే చిన్న పెట్టెల పట్టీ, తుపాకీ ఒర ఎడమ పక్క. ముగ్గులో ఒక పక్క వేసింది రెండో పక్కా వెయ్యకపోతే ఊరుకోని నాకు ఇది అలవాటు కావడానికి నాలుగు రోజులు పట్టింది.

నా వంతు పని కుట్టు. మెడకి నల్లటి మడతల పట్టీ ఉంటుంది. నల్ల రెక్సిన్ లాంటి గుడ్డలో తాడు పెట్టి పైపింగ్ వేసినట్టు వరసగా కుట్టాను. నడుముకి తెల్ల కాన్వాస్ పటకా. లోపల వేసుకునే నల్ల బట్టలకి కుట్లు బయటివైపుకి వచ్చేలా కుట్టాను, బ్రేస్ కింద బనియన్లకి చేసినట్టే. చర్మానికి కుట్టు తగలకపోతే పుండు పడదు. ముక్కల్ని ఒకదానికొకటి ఎలాస్టిక్ పట్టీలతో, టిచ్ బటన్లతో కలుపుతారు. భుజం దగ్గర గంటలా వేలాడే ముక్క ఎడమవైపు కిందికి జారుతుంటే జాకెట్టులో పెట్టే భుజం ప్యాడ్ లాంటిది స్పాంజితో కుట్టి లోపల అంటించాను. ఫోటోలో భుజాలు రెండూ సమానం.

ఫోటో ఎందుకంటారా? '501వ లీజియన్' అని ఒక స్వచ్ఛంద సంఘం ఉంది. 1997లో ఆల్బిన్ జాన్సన్ అనే ఆయన మొదలుపెట్టారు. కారు ప్రమాదంలో దెబ్బతిన్న కాలు చివరికి తీసేయించుకోవలసి వచ్చిన మనిషి. ఆ తెల్లకవచంలో ఉంటే ఎవరికి ఏ కాలు కొయ్యకాలో తెలుస్తుంది! ఆయన చిన్నారి కూతురు కేటీకి మెదడులో గడ్డ వచ్చి 2005లో పోయింది. ఆ పాప కోసం గులాబీరంగు యంత్రపు బొమ్మ చేశారు, దాని పేరులో ఆమె పేరు పెట్టి. ఆ బొమ్మ 2015 నాటి సినిమాలో కూడా కనిపించింది. ఈ సంఘంలో చేరాలంటే పద్ధెనిమిదేళ్ళు నిండాలి, సొంత కవచం ఉండాలి, అన్ని వైపుల నుంచీ తీసిన ఫోటోలు పంపితే వాళ్ళ కొలమానం ప్రకారం ఉందో లేదో చూసి ఒప్పుకుంటారు. ఆసుపత్రుల్లో పిల్లల్ని పలకరించడానికీ, చందాలు పోగుచెయ్యడానికీ వెళ్తారు. వాళ్ళు దీన్ని సంపాదనకి వాడరు. మా అమ్మాయి ఫోటోలకి రెండు చిన్న సవరణలు చెప్పారు. పట్టీ ఒకటి వెడల్పు తగ్గించి, పటకా కాస్త పైకి జరిపాం. తర్వాత ఒప్పుకున్నారు. దాని వీపు గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

మొదటిసారి పిల్లల పుస్తకాల పండగకి వెళ్ళింది. ఆ కవచం వేసుకున్నవాళ్ళు కూర్చోలేరు, పాదాలు చూసుకోలేరు, పక్కనెవరున్నారో కనబడదు. అందుకని వెంట ఒక మనిషి తప్పనిసరి. ఆ మనిషిని నేనే. స్ట్రా వేసిన మజ్జిగ సీసా, స్క్రూడ్రైవర్, ప్లాస్టర్, జిగురు, అన్నీ నా సంచిలో. మధ్యలో తొడ ముక్క ఎలాస్టిక్ తెగింది. నా నల్లపూసలకున్న పిన్నీసు తీసి పెట్టేశాను. వెయ్యి డాలర్ల సరంజామాకి మన పిన్నీసే దిక్కు! ఒక పాప వచ్చి పిడికిలితో దాని వీపు మీద ఠక్ ఠక్ మని కొట్టింది. నా ప్రాణం ఒక్క క్షణం ఆగింది. ఇది వెనక్కి తిరిగి, వంగలేక మోకాలు ముడిచి, "మళ్ళీ కొట్టు" అన్నట్టు తన ఛాతీ చూపించింది.

మావారు ఇప్పుడు కారు తోలుతున్నారు. అంతకు మించి ఏమీ అనరు.

మీలో ఎవరైనా మొదలుపెడితే ఇంకో నాలుగు మాటలు. కవచం వేసుకునేముందు బాత్‌రూమ్ పని చూసుకోవాలి, తీసి వెయ్యడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. రెండు ఇడ్లీలు చాలు, కడుపునిండా తినకూడదు. శిరస్త్రాణంలో బ్యాటరీతో తిరిగే చిన్న పంఖా పెట్టించండి. ఇంటికొచ్చాక సబ్బునీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, మూతున్న ప్లాస్టిక్ పెట్టెలో పాత దుప్పట్లు పరిచి సర్దండి. ఎండాకాలంలో మాత్రం ఆ పెట్టెని కారు డిక్కీలో వదిలెయ్యకండి, వేడికి ముక్కలు వంకరపోతాయి.