సముద్రం చూసి దిగండి!

వేసవి సెలవులు ఇచ్చారంటే చాలు, “విశాఖపట్నం వెళదాం, సముద్రం చూద్దాం” అంటూ పిల్లలు చెవినిల్లు కట్టుకుని పోరుతారు. పెద్దలకూ లోపల సరదాగానే ఉంటుంది. సింహాచలం అప్పన్న దర్శనం, ఆ తరవాత బీచిలో రెండు రోజులు విశ్రాంతి. తప్పకుండా వెళ్ళండి. సముద్రపు గాలికి మనసు తేలికపడుతుంది, ఆకలి వేస్తుంది, కంటినిండా నిద్ర పడుతుంది. అయితే పెట్టె సర్దుకునే ముందు ఒక్క మాట వినండి. సముద్రతీరంలో జరిగే కీడు చాలావరకు ముందుగా తెలియదు. ఎండ చల్లగా అనిపిస్తుంది, దాహం వేయనట్టుంటుంది, నీళ్ళు నెమ్మదిగా కనిపిస్తాయి. ఈ మూడూ మోసాలే.

ఎండ చేసే మోసం

గాలి చల్లగా తగులుతోంది కదా అని పన్నెండింటికి ఇసకలో ఆడుకుంటారు. రాత్రికి వీపు మండుతుంది, పక్కమీద వాలలేరు. ఒంటికి వేడి తెలియకుండా చేసేది గాలి. చర్మాన్ని కాల్చేది ఎండలోని అతినీల కిరణాలు. అవి గాలికి తగ్గవు. పలచటి మబ్బు కూడా వాటిని ఆపలేదు. పైగా ఇసక, నురగ వాటిని తిప్పి మన మీదికే కొడతాయి. కనుక ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నీడపట్టున ఉండండి. చేతులు కప్పే నూలు బట్టలు, టోపీ లేదా గొడుగు తప్పనిసరి. ఎండకు రాసుకునే సన్‌స్క్రీన్ క్రీము ‘ఎస్.పి.ఎఫ్. 30’ లేదా అంతకు మించినది కొనండి. రెండు గంటలకొకసారీ, నీళ్ళలోంచి వచ్చాకా మళ్ళీ రాయండి. నల్లటి చర్మం కాలదనుకోవడం పొరపాటు.

చక్కెర వ్యాధి ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలే ఇసక మీద నడిచినా తెలియదు. బొబ్బలెక్కాక గాని చూసుకోరు. చెప్పులు విడవకండి. ఇన్సులిన్ సీసాను ఎండలో నిలిపిన కారులో వదలకండి.

దాహం చేసే మోసం

తీరంలో గాలికి తేమ ఎక్కువ. చెమట ఆరదు, అందుచేత ఒళ్ళు చల్లబడదు. ఒంట్లో నీరూ ఉప్పూ మాత్రం పోతూనే ఉంటాయి. దాహం వేసేదాకా ఆగకుండా గంట గంటకూ నీళ్ళు తాగండి, తాగించండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలలేదని గుర్తు. మీ ముందు కొట్టించిన కొబ్బరిబోండాం మంచిదే. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టర్ని అడిగి తాగాలి, అందులో పొటాషియం ఎక్కువ.

బీచిలో మురీ మిక్చర్ తినకుండా ఎవరు వస్తారు? తినండి. వేడివేడి బజ్జీ, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు ఫరవాలేదు. కోసి ఉంచిన పండ్లముక్కలు, ఎక్కడిదో తెలియని ఐసు, చల్లారిన చేపల వేపుడు వద్దు. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ఇవి చిన్న టీ చెంచాలు, తలకొట్టి కొలవాలి.

ఎండలో ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతూ స్పృహ తప్పినా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు పోసి విసరండి, ఆస్పత్రికి తరలించండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి.

నీళ్ళు చేసే మోసం

అన్నిటికంటె పెద్దది ఇది. రామకృష్ణా బీచి నడవడానికీ, సాయంత్రం కూర్చోవడానికీ, కురుసురా జలాంతర్గామిని పిల్లలకు చూపించడానికీ బాగుంటుంది. స్నానానికి కాదు, అక్కడ లోతు హఠాత్తుగా పెరుగుతుంది, లాగుడూ ఎక్కువ. కొండల చాటునున్న యారాడ అందమైనదే, కాని ఆపద వస్తే సాయం అందడానికి ఆలస్యం కావచ్చు. భీమిలిలో డచ్చివారి సమాధులు చూడండి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూడండి. ఆ చోట మాత్రం దిగకండి. నదీముఖాల్లో ప్రవాహం ఎటు లాగుతుందో చెప్పలేం. స్నానం చేయాలనుకుంటే రుషికొండ వంటి చోట, కాపలాదారులు ఉన్న వేళ, వారు చూపిన హద్దుల్లోనే చేయండి.

దిగే ముందు పది నిమిషాలు గట్టున నిలబడి చూడండి. ఒడ్డుకు వచ్చిన అలల నీళ్ళు తిరిగి వెళ్ళాలి కదా? అవి ఒక్కొక్కచోట సన్నటి పాయగా కూడి వేగంగా లోపలికి పోతాయి. అక్కడ అలలు విరగవు. నీళ్ళు నెమ్మదిగా, కాస్త నల్లగా లేదా ఇసక కలిసి మట్టిగా కనిపిస్తాయి. “ఇక్కడ అలలు లేవు, పిల్లలకు బాగుంటుంది” అని మనం వెతుక్కునేది సరిగ్గా ఆ చోటే!

ఆ పాయ లాగితే ఒడ్డువైపు ఎదురీదకండి, అలసిపోతారు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకవేయండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి. గట్టునున్నవారు తొందరపడి దూకకండి. ఒకరికోసం మరొకరు పోవడం అలాగే జరుగుతుంది. తాడు, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, బంతి ఏది ఉంటే అది విసరండి.

మోకాలిలోతు నీళ్ళలోనైనా చిన్నపిల్లలు మీ చేతికందేంత దూరంలోనే ఉండాలి. ఫోనులో ఫొటో చూసుకునేంత సేపు చాలు, ప్రమాదం జరగడానికి. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటుంది. స్త్రీలు ఆ సంగతి మరవకండి. మాఘ పూర్ణిమకు ఉపవాసంతో సముద్రస్నానం చేసే పెద్దలు ఒంటరిగా దిగవద్దు, కళ్ళు తిరగవచ్చు. మద్యం పుచ్చుకున్నవారు అసలే దిగవద్దు.

మునిగినవారిని తీశాక

కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పడం మనవాళ్ళకు అలవాటు. రెండూ వద్దు. విలువైన నిమిషాలు పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒకరు 108కి ఫోను చేయాలి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి చూడండి. ఊపిరి లేకపోతే గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో రెండుసార్లు గాలి ఊదండి. తరవాత రొమ్ము మధ్య 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కండి. మళ్ళీ రెండుసార్లు ఊదండి. సాయం వచ్చేదాకా ఆపకండి. కోలుకుని లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి; ఊపిరి ఇబ్బంది కొన్ని గంటల తరవాత కూడా రావచ్చు.

తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ప్రయాణం మానుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని ఎలా ఊడ్చేసిందో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇంత చదివి బెంగపడకండి. సముద్రాన్ని గట్టున కూర్చుని చూసినా దాని హాయి తగ్గదు. పదిమంది వెళ్ళి పదిమందీ తిరిగివచ్చి, గుమ్మంలో చెప్పుల ఇసక దులుపుకోవడమే మంచి యాత్ర.